ఎదురింటావిడ ఎదురుచూపు

"ఎలా ఉన్నారు?" అని అడిగితే ఆవిడ నిజంగానే జవాబు చెప్పేది.

ఈ అమెరికాలో ఆ ప్రశ్నకి జవాబు చెప్పేవాళ్లూ లేరు, ఆగి వినేవాళ్లూ లేరు. లిఫ్టులో, పార్కింగ్‌లో, కాఫీ మెషీన్ దగ్గర అనేసి పోయే మాట అది. ఆవిడ మాత్రం రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని కాసేపు ఊరుకునేది. తర్వాత, "ఎడమ మోకాలు నొప్పిగా ఉంది. పొద్దున ఒకరి మీద కోపం వచ్చింది, అది ఇంకా పోలేదు. ఇప్పుడు నీతో మాట్లాడుతుంటే కాస్త బాగుంది. నువ్వెలా ఉన్నావు?" అనేది. అడిగి, మళ్లీ చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని నా మొహంలోకి చూసేది. నేను ఆఫీసుకి టైమవుతోందని కారు తాళాలు తిప్పుకుంటూ "ఫైన్, ఫైన్" అనేదాన్ని.

పోయిన నెల ఆవిడ పోయిందని మా అమ్మాయి నిధి ఫోన్ చేసి చెప్పింది. నిధి ఇప్పుడు వేరే ఊళ్లో యూనివర్సిటీలో చదువుతోంది. "శనివారం మెమోరియల్ ఉందమ్మా. నేను డ్రైవ్ చేసుకుని వస్తాను. నువ్వూ వస్తావు కదా?" అంది. వస్తానన్నాను. 

ఆవిడ పేరు రాయను. బతికున్నప్పుడు పెట్టిన పేర్లు చాలు ఆవిడకి.

క్యారీ అనే ఊళ్లో మేం మొదట అద్దెకున్న వీధి చివర, మూలమీద ఆవిడ ఇల్లు. మాకు సరిగ్గా ఎదురు. అప్పుడు నిధి రెండో క్లాసు. ఒకరోజు నేను ఆఫీసు నుంచి వస్తూ హైవే మీద ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయాను. స్కూల్ బస్సు పిల్లని దింపేసి వెళ్లిపోయింది. నేను ఏడుపు మొహంతో ఇంటికి చేరేసరికి మా మెట్ల మీద నిధి, పక్కన ఒక తెల్లజుట్టు ముసలావిడ, ఇద్దరూ చలిలో ముడుచుకుని కూర్చుని ఉన్నారు.

"మా ఇంట్లో వెచ్చగా ఉంటుంది. కానీ నేను నీకు పరాయిదాన్ని. నువ్వు ఒప్పుకోకుండా పిల్లని లోపలికి తీసుకెళ్లకూడదు కదా. అందుకని ఇక్కడే కూర్చున్నాం" అంది. ఆవిడ పెదాలు నీలంగా ఉన్నాయి.

ఆ మర్నాటి నుంచి నిధి బస్సు దిగి నేరుగా ఆ ఇంటికే వెళ్లేది. నెల తిరిగేసరికి మా వీధిలోని ఇంకో రెండు తెలుగువాళ్ల ఇళ్ల నుంచీ పిల్లలు వెళ్లడం మొదలుపెట్టారు.

ఆవిడ క్వేకర్. అదొక క్రైస్తవ శాఖ అని, వాళ్లకి ఫాదర్ ఉండడని, అందరూ ఒకచోట చేరి మౌనంగా కూర్చోవడమే ప్రార్థన అని, దాన్ని మీటింగ్ అంటారని మెల్లిమెల్లిగా తెలిసింది. మతం మాట మాత్రం ఆవిడ నా దగ్గర తనంతట తాను ఎప్పుడూ ఎత్తలేదు. నాకు తెలిసిందంతా నిధి ద్వారానే. ఇంట్లో అన్నం దగ్గర ఐదు నిమిషాలు కుదురుగా కూర్చోని పిల్ల ఆ ఇంట్లో టేబుల్ చుట్టూ మిగతా పిల్లల చేతులు పట్టుకుని, బిస్కెట్లు ఎదురుగా పెట్టుకుని, కళ్లు మూసుకుని కూర్చునేది. ఆవిడ పక్కపిల్ల చెయ్యి మెల్లిగా నొక్కేది. ఆ నొక్కు చేతులు మారుతూ చుట్టూ తిరిగి మళ్లీ ఆవిడ దగ్గరికి వచ్చాక తినడం.

ఆవిడని ఆంటీ అనమని నిధికి చెప్పాను. ఆవిడ వద్దంది. "మేం ఎవరికీ బిరుదులు తగిలించం. నిధికీ ఒక పేరుంది, నాకూ ఒక పేరుంది" అంది. ఎనిమిదేళ్ల పిల్ల డెబ్భై దాటిన మనిషిని పేరు పెట్టి పిలుస్తుంటే నాకు ఒళ్లు జలదరించేది. నేను మాత్రం చివరిదాకా మేడమ్ అనే అన్నాను. అన్నప్పుడల్లా ఎవరినో అనుకుని ఆవిడ వెనక్కి తిరిగి చూసేది.

అబద్ధం ఆడకపోవడం ఆవిడకి పట్టుదలలా ఉండేది కాదు, అలవాటులా ఉండేది. ఒకసారి మా అత్తగారు పంపిన మాగాయ పచ్చడి ఒక చిన్న సీసాలో పెట్టి ఇచ్చాను. మర్నాడు ఎలా ఉందని అడిగాను. చాలాసేపు ఆలోచించి, "అది నాకు నచ్చలేదు. నువ్వు గుర్తుపెట్టుకుని తేవడం నచ్చింది" అంది. నాకు రెండు రోజులు కోపం. మా ఆయన రవి పడీపడీ నవ్వాడు.

ఆ అలవాటు నిధికీ అంటుకుంది. ఒక ఆదివారం స్వప్న గారు ఫోన్ చేశారు. మా వీధిలోనే ఉండేవారు, వాళ్ల శ్రేయ కూడా ఎదురింటికి వెళ్లే పిల్లే. "నేను ఇంట్లో లేనని చెప్పు" అని నిధికి సైగ చేశాను. నిధి ఫోన్ తీసుకుని, "హాయ్ ఆంటీ. అమ్మ ఇంట్లోనే ఉంది, బట్ షి డజంట్ వాంట్ టు టాక్ రైట్ నౌ" అంది. ఆ సాయంత్రం స్వప్న గారింటికి మైసూర్‌పాక్ పట్టుకెళ్లాల్సి వచ్చింది.

బుధవారాలు మధ్యాహ్నం ఆవిడ డౌన్‌టౌన్‌లో సిగ్నల్ దగ్గర ఒక అట్టముక్క పట్టుకుని నిలబడేది. దాని మీద తన చేత్తో రాసుకున్న మాట, యుద్ధం వద్దని. మోచేతుల దగ్గర అతుకులేసిన అదే గోధుమరంగు స్వెటర్. వాన వస్తే గొడుగు వేసుకుని నిలబడేది. ఒకసారి టీమ్ లంచ్‌కి అందరం ఒకే కార్లో వెళ్తూ ఆ సిగ్నల్ దగ్గర ఆగాం. "ఈ పిచ్చి ముసలామెకి వేరే పని లేదా?" అన్నాడు డ్రైవ్ చేస్తున్న మా మేనేజర్. అందరూ నవ్వారు. ఆవిడ నన్ను చూసి అట్టముక్క చంకలో పెట్టుకుని చెయ్యి ఊపింది. నేను తల వంచి ఫోన్ చూసుకున్నాను. ఆ రోజు సాయంత్రం కూడా నా కూతురు ఆ ఇంట్లోనే ఉంది.

ఇది చిన్నది. అసలు సంగతి తర్వాతది.

మూడో ఏడు, స్కూళ్లు ఇంకో నెలలో మూస్తారనగా జరిగింది. సాయంత్రం ఆఫీసు కాల్ ఒకటి ఉంది, ఇంటి నుంచి అందుకుందామని తొందరగా వస్తున్నాను. మా వీధి చివర, ఆవిడ ఇంటి మూలమీద స్టాప్ సైన్ ఉంది. రోజూ వెళ్లే దారి. ఎప్పుడూ ఎవరూ రారు. ఆగలేదు. అడ్డంగా వస్తున్న పాత పికప్ ట్రక్కుని గుద్దాను. దాని నిండా గడ్డి కోసే మెషీన్లు. అవన్నీ గొలుసులు తెంపుకుని రోడ్డు మీద పడ్డాయి.

నాకేం కాలేదు. ట్రక్కులోంచి దిగిన మనిషి ఎడమ మణికట్టు పట్టుకుని రోడ్డు పక్కన కూర్చుండిపోయాడు. ముప్ఫై ఐదేళ్లుంటాయి. స్పానిష్‌లో ఏదో అంటున్నాడు. ఎదురింటావిడ మొక్కలకి నీళ్లు పోస్తూ వరండాలో ఉంది. పైపు పడేసి పరిగెత్తుకొచ్చింది. లోపలికెళ్లి ఐస్ తెచ్చింది, అంబులెన్స్‌కి ఫోన్ చేసింది. అతన్ని ఎక్కించాక, "మా ఇంట్లో ఉన్న పిల్లలు నీ దగ్గరుంటారు కదా" అని నాతో అని, తన కార్లో ఆ అంబులెన్స్ వెనకే వెళ్లిపోయింది. అందుకని పోలీసు నన్ను అడిగినప్పుడు ఆవిడ అక్కడ లేదు.

"స్టాప్ సైన్ దగ్గర ఆగారా?" అన్నాడతను.

"ఆగాను. పూర్తిగా ఆగాను. అతనే స్పీడుగా వచ్చాడు."

అలా చెప్పాలని ముందే అనుకోలేదు. నోటికి వచ్చేసింది. మాది హెచ్‌వన్ వీసా. గ్రీన్‌కార్డ్ ఫైల్ ఏళ్ల తరబడి నడుస్తోంది. పోలీసు యూనిఫామ్ చూడగానే ఆ ఫైల్ తప్ప నాకేమీ గుర్తు రాలేదు. ఒకసారి అన్నాక రెండోసారి అనడం తేలికైంది. రాత్రికి రవితో అన్నాను. మర్నాడు ఇన్సూరెన్స్ వాళ్లతో అన్నాను. అప్పటికి నేను నిజంగానే ఆగానేమో అనిపించడం కూడా మొదలైంది.

తప్పంతా అతని మీద రాశారు. అతని దగ్గర లైసెన్స్ లేదు. దానికి వేరే కేసు.

నాలుగో రోజు ఆవిడ రోడ్డు దాటి మా ఇంటికి వచ్చింది. కిచెన్‌లో కుర్చీ లాక్కుని కూర్చుని చేతులు మోకాళ్ల మీద పెట్టుకుంది. నేను టీ పెడతానన్నాను. వద్దంది.

"అతని ఇంటికి వెళ్లొచ్చాను. మణికట్టు విరిగింది. వచ్చే మంగళవారం కోర్టు. నువ్వు ఆగానని చెప్పావట" అంది.

నేను గిన్నెలు సర్దుతున్నాను.

"నేను వరండాలోనే ఉన్నాను. నువ్వు ఆగలేదు."

"మీకు సరిగ్గా కనిపించి ఉండదు మేడమ్."

  "కోర్టులో నేను చూసింది చెప్తాను. దానికి ముందు నువ్వే చెప్తే బాగుంటుంది. అది చెప్దామనే వచ్చాను" అంది.

"నా మీద సాక్ష్యం చెప్తారా? నా కూతుర్ని మూడేళ్లు మీ ఇంట్లో పెట్టుకుని?"

"నీ మీద కాదు. కారు ఆగలేదని చెప్తాను."

"మీకు మా పరిస్థితి తెలియదు. మా వీసా ఏమవుతుందో తెలుసా? ఇల్లు, ఉద్యోగం, పిల్ల చదువు, అన్నీ దాని మీదే ఉన్నాయి. మీరు ఇక్కడ పుట్టారు. మీకేం?"

ఇదంతా గట్టిగా అరిచాను. ఆవిడ విన్నది. "నీ భయం నిజమే. అతని భయమూ నిజమే" అంది. లేచి, గుమ్మం దగ్గర ఆగి, "కోర్టుకి నేను తీసుకెళ్తాను. పక్కన కూర్చుంటాను. నువ్వు ఒక్కదానివే వెళ్లక్కర్లేదు" అంది.

నేను వెళ్లలేదు. ఆవిడ వెళ్లింది. దేవుడి మీద ప్రమాణం చేయనందట. క్వేకర్లు ఒట్టు వెయ్యరు. ఒట్టు వేసినప్పుడే నిజం చెప్తానంటే మిగతా వేళల్లో చెప్పననేగా అని వాళ్ల లెక్క. ఒట్టు లేకుండానే చెప్పింది. అతని మీదున్న గుద్దిన కేసు కొట్టేశారు. లైసెన్స్ లేని కేసు ఉండిపోయింది. నాకు జరిగింది ఏమిటంటే ఒక ఫైన్, ఇన్సూరెన్స్ కాస్త పెరగడం. వీసాకీ దానికీ ఏ సంబంధమూ లేదని లాయర్ రెండు నిమిషాల్లో చెప్పాడు. ముందే అడిగి ఉంటే ముందే చెప్పేవాడు.

అక్కడితో అయినా నేను తలదించుకుని ఊరుకోవాల్సింది. ఊరుకోలేదు.

నిధిని ఆ ఇంటికి పంపడం మానేశాను. "ఆవిడకి ఒంట్లో బాగుండటం లేదట, పిల్లల్ని చూసుకోలేరట" అని చెప్పాను. నిధి నా మొహం చూసి, చెప్పులేసుకుని, రోడ్డు దాటి ఆవిడనే అడగడానికి వెళ్లింది. పది నిమిషాల్లో తిరిగొచ్చింది.

"షి సెడ్ షి ఈజ్ ఓకే. నన్ను ఎందుకు పంపట్లేదో నిన్నే అడగమంది. ఆవిడ చెప్పకూడదంట, నువ్వే చెప్పాలంట. ఎందుకమ్మా?"

"పెద్దవాళ్ల విషయాలు నీకెందుకు?" అని కసిరాను. నిధి తన గదిలోకి వెళ్లి తలుపేసుకుంది.

ఆ వారాంతంలో స్వప్న గారింట్లో పాట్‌లక్, తలో వంటకం తెచ్చుకుని తినే విందు. మా యాక్సిడెంట్ గురించి అడిగారు. అప్పుడన్నాను, "ఎదురింటావిడకి ఈమధ్య మతిమరుపు మొదలైనట్టుందండీ. చూసింది చూడనట్టు, చూడనిది చూసినట్టు చెప్తోంది. నిన్న స్టవ్ ఆన్ చేసి మర్చిపోయిందట. పిల్లల్ని వదలాలంటే భయమేస్తోంది."

స్టవ్ మాట అప్పటికప్పుడు కల్పించాను. అంత వివరంగా చెప్తే నమ్ముతారని తెలుసు. నమ్మారు. ఆ సోమవారం నుంచి ఆ ఇంటికి ఏ పిల్లా వెళ్లలేదు.

మధ్యాహ్నం బస్సు వచ్చే వేళకి ఆవిడ వరండాలోకి వచ్చి నిలబడేది. బస్సు ఆగేది. పిల్లలు దిగి ఎవరిళ్లకి వాళ్లు వెళ్లేవాళ్లు. ఆవిడ చెయ్యి ఊపి లోపలికి వెళ్లిపోయేది. స్కూళ్లు మూసేదాకా, మళ్లీ తెరిచాక కొన్నాళ్లూ అలాగే వచ్చి నిలబడింది.

ఆ ఎండాకాలమంతా పొద్దున్నే కాఫీ కప్పుతో కిటికీ దగ్గరికి వెళ్తే ఇంకో దృశ్యం. ఆవిడ పాత కారు వెనక డోరు తాడుతో కట్టి ఉండేది. లోపల గడ్డి మెషీన్, దాని పిడి బయటికి పొడుచుకుని. పక్క సీట్లో చేతికి కట్టుతో ఆ మనిషి, అతనికి సాయంగా వచ్చిన తమ్ముడు వెనక సీట్లో. లైసెన్స్ వచ్చేదాకా అతన్ని ఇంటింటికీ ఆవిడే దింపింది. రవి ఒకరోజు నా వెనక నిలబడి అది చూసి, "మనమే ఏదో ఒకటి చెయ్యాల్సిందేమో" అన్నాడు. "ఏం చెయ్యాలి?" అన్నాను. నా గొంతు విని తను లోపలికి వెళ్లిపోయాడు.

ఏడాది తిరిగాక ఊరికి అటు చివర ఇల్లు కొనుక్కుని మారిపోయాం. సామాను ఎక్కిస్తున్న రోజు ఆవిడ ఒక రొట్టె తెచ్చింది, తనే కాల్చింది. నేను తప్పించుకోలేకపోయాను.

"ఎలా ఉన్నావు?" అంది. చేతుల్లో రొట్టె ఉంది కాబట్టి మోకాళ్ల మీద పెట్టుకోలేదు గానీ, చూపు అదే.

"ఫైన్" అన్నాను.

ఇంకొంచెంసేపు నిలబడింది. రొట్టె నా చేతికిచ్చి వెళ్లింది. ఆవిడని నేను చూడటం అదే ఆఖరు. నిధి మాత్రం డ్రైవింగ్ నేర్చుకున్నాక ఆవిడ దగ్గరికి వెళ్లొస్తూ ఉండేదని తర్వాత తెలిసింది.

శనివారం మీటింగ్ హౌస్‌కి వెళ్లాం. తెల్ల గోడలు, చెక్క బెంచీలు. బొమ్మ లేదు, దీపం లేదు, ఫోటో కూడా లేదు. అరవై మందికి పైగా ఉన్నారు, ఎవరూ మాట్లాడటం లేదు. ఎవరికి చెప్పాలనిపిస్తే వాళ్లు లేచి చెప్పి కూర్చోవచ్చు. అదే సంస్మరణ.

నిధి లేచింది. తన అమెరికన్ ఇంగ్లిష్‌లో, "నాకు ఎనిమిదేళ్లప్పుడు ఈవిడ నా చెయ్యి పట్టుకుని ఊరికే కూర్చోవడం నేర్పింది. అంతకంటే పనికొచ్చే చదువు నేనింకా చదవలేదు" అని కూర్చుంది.

కాసేపటికి అవతలి బెంచీలోంచి ఒక మనిషి లేచాడు. జుట్టు నెరిసింది. పక్కన భార్య. చూడగానే గుర్తుపట్టాను. "నాలుగు నెలలు నన్ను పనికి తీసుకెళ్లింది. కార్లో ఒక్క మాట మాట్లాడేది కాదు. కోపమొచ్చిందేమో అనుకునేవాణ్ణి. తర్వాత నాకూ మాట్లాడాలనిపించేది కాదు" అన్నాడు. అందరూ మెల్లిగా నవ్వారు. యాక్సిడెంట్ మాట ఎత్తలేదు.

లేవాలి అనుకున్నాను.  ముందు బెంచీ పట్టుకున్నాను కూడా. లేవలేదు. పక్కవాళ్లు చేతులు కలపడం మొదలుపెట్టారు. అయిపోయిందని దానర్థం.

పక్కగదిలో తినడానికి పెట్టారు. అతని దగ్గరికి వెళ్లాను. నేనెవరో చెప్పాను.

"ఆ రోజు నేను ఆగలేదు. ఆగానని పోలీసుకి అబద్ధం చెప్పాను. సారీ."

అతను చేతిలోని ప్లేటు టేబుల్ మీద పెట్టాడు. "తెలుసు. ఆ ట్రక్కులో ఉన్నది నేనే కదా" అన్నాడు. కోపంగా అనలేదు. "నువ్వొచ్చి చెప్తావని ఆవిడ అనేది. ఒక ఏడాది ఎదురుచూశాను. తర్వాత నేను మర్చిపోయాను. ఆవిడ మర్చిపోలేదు. ఎప్పుడు కలిసినా అడిగేది, ఆమె వచ్చిందా అని. మొన్న హాస్పిటల్‌లో కూడా అడిగింది."

"మీరేం చెప్పారు?"

"లేదని చెప్పాను. ఆవిడతో అబద్ధం చెప్పలేం కదా."

పార్కింగ్‌లో నిధి కారు స్టార్ట్ చేయబోతుంటే ఆగమన్నాను. మొత్తం చెప్పాను. స్టాప్ సైన్, కోర్టు, స్టవ్ మాట. నిధి స్టీరింగ్ మీద చేతులుంచి విన్నది. నా వైపు తిరగలేదు. చివరికి, "స్వప్న ఆంటీకి ఈ స్టవ్ సంగతి అబద్ధమని తెలుసా?" అంది.

"తెలియదు."

"అయితే చెప్పమ్మా. ఇప్పుడే చెప్పు."

స్వప్న గారు ఇప్పుడు ప్లేనో అనే వేరే ఊళ్లో ఉంటున్నారు. ఫోనెత్తారు. ఎదురింటావిడ పోయిందని చెప్తే, "అయ్యో పాపం, ఆ మతిమరుపావిడేనా" అన్నారు. ఆవిడకి ఏ మతిమరుపూ లేదని, స్టవ్ మాట నేను కల్పించానని, నా తప్పు కప్పుకోవడానికి అలా అన్నానని చెప్పాను.  

"మా శ్రేయ ఎన్నాళ్లు ఏడ్చిందో తెలుసా అండీ, ఆ ఇంటికి వెళ్తానని" అన్నారు స్వప్న గారు. "మీ మాట నమ్మి దాన్ని కొట్టాను కూడా."